మేస్త్రి నూనె రాసిన క్లచ్ ప్లేటు

నేను రిటైరైంది పంపు మెకానిక్‌గా. కారు మెకానిక్‌గా నా సర్వీసు మొత్తం ఒకే ఒక్క ఆదివారం. ఇన్నేళ్ల ఉద్యోగం వదిలేసి ఆ ఒక్క రోజు గురించే ఎందుకు రాస్తున్నావని మా ఇంట్లో అడిగారు. మిగతా రోజుల పనికి కంపెనీ జీతం ఇచ్చింది, అక్కడికి సరి. ఆ ఆదివారం విషయంలో మాత్రం నేనింకా కొందరికి రుణపడే ఉన్నాను. అందులో ఒకాయన ఇప్పుడు లేరు కాబట్టి, కుర్రాళ్లూ, మీకు చెప్పి కొంత తీర్చుకుందామని.

మాది నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో ఉద్యోగం. ఏటి నుంచి ఉప్పునీరు తోడి మడుల్లోకి పంపే పంపులు మా చేతికింద ఉండేవి. ఎండాకాలం పంపు ఆగితే మడి ఎండిపోతుంది, కూలీలకు పని పోతుంది, ఆఫీసరు మన ఇంటి గుమ్మంలో ఉంటాడు. వానలు పడి ఉప్పు పని ఆగిపోయాక మాకు వేరే పని మొదలయ్యేది. ఒక్కో పంపునూ విప్పి, ముక్క ముక్కా తుడిచి, నూనె రాసి, పాత గోనెలో చుట్టి పెట్టాలి. ఉప్పు గాలి ఇనుమును ఏం చేస్తుందో అక్కడ బతికినవాడికే తెలుసు. కొత్త బోల్టు తెచ్చి సాయంత్రం కిటికీలో మరిచిపోతే తెల్లారేసరికి ఎర్రబడి ఉంటుంది.

ఈ పని నాకు నేర్పింది మా మేస్త్రి. వరసకు ఏమీ కాకపోయినా మావా అనే పిలిచేవాణ్ణి. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక రేకు డబ్బా, అందులో నూనె, కొబ్బరి పీచుతో కట్టిన ఒక కుంచె ఉండేవి. మేకు నుంచి పెద్ద చక్రం దాకా ఆ కుంచె తగలకుండా ఏదీ బిగించడానికి వీల్లేదు. "నూనె తగల్నేదంటే అది సామాను కాదురా, రేపటి తుప్పు" అనేవారు. మేమందరం అలాగే తయారయ్యాం. నా పెళ్లయిన కొత్తలో ఇంటికి కొత్త కత్తిపీట తెస్తే అలవాటుగా ఇంజను నూనె రాసేశాను. ఆ కూర ఎవరూ తినలేదు.

ఆయనకి ఇంకో అలవాటుంది. నలుగురి ముందు మనిషిని తప్పు పట్టేవారు కాదు. మా మడులకి కరెంటు మోటార్లు వచ్చిన కొత్తలో ఒక ఎలక్ట్రీషియన్ చేరాడు. నోరు పెద్దది, అప్పటికి అనుభవం చిన్నది. ఆఫీసరు, పక్క కంపెనీల పెద్దలు అందరూ వచ్చి నిలబడ్డ రోజున వాడు వైర్లు తారుమారుగా కలిపాడు. స్విచ్చి వెయ్యగానే మోటారు వెనక్కి తిరిగింది. నీళ్లు రాలేదు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మేస్త్రి నెమ్మదిగా ముందుకొచ్చి ఆఫీసరుతో అన్నారు, "ముందు ఇలగ వెనక్కి తిప్పి పైపులో ఒండుమట్టి దులపాల బాబూ. ఇప్పుడు ముందుకి తిప్పితే నీలొస్తాయి." ఆఫీసరు తలూపాడు. ఎలక్ట్రీషియన్ వైర్లు మార్చాడు, నీళ్లొచ్చాయి. ఆ సాయంత్రం షెడ్డు వెనక వాడికి మేస్త్రి ఏం చెప్పారో నాకు తెలీదుగానీ, వాడు కళ్లు తుడుచుకుంటూ రావడం చూశాను. తరవాత వాడు మంచి పనివాడయ్యాడు. నోరు మాత్రం అలాగే ఉంది.

మేస్త్రి రిటైరయ్యాక మా వైపు ఎన్నో ఊళ్లను పట్టిన కిడ్నీ జబ్బు ఆయన్నీ పట్టింది. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం ఆస్పత్రికి వెళ్లి డయాలిసిస్ చేయించుకోవాలి. పిల్లల్లేరు. ఆయనా, నేను అత్తా అని పిలిచే ఆయన భార్యా, అంతే. నా దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న చిన్న ఎర్ర కారు ఉండేది. డ్యూటీ సర్దుకుని నేనే తీసుకెళ్లేవాణ్ణి. వెళ్లేటప్పుడు దారి పొడుగునా నాకు డ్రైవింగు నేర్పేవారు, ఆయనకు సైకిలు తప్ప ఏదీ రాకపోయినా. వచ్చేటప్పుడు మాట ఉండేది కాదు. వెనక సీట్లో అత్త ఒళ్లో తల పెట్టుకుని పడుకునేవారు.

రాష్ట్రం విడగొట్టొద్దని ఉద్యమం నడిచిన ఏడాది అది. మీకు గుర్తుండే ఉంటుంది, లేకపోతే మీ నాన్నని అడగండి. బస్సులు డిపోల్లో ఉండిపోయాయి. బందంటే కొట్లు, షెడ్లు, పెట్రోలు బంకులు అన్నీ మూత. అలాంటి ఒక గురువారం, ఆస్పత్రికని బయల్దేరి టెక్కలి ఇంకా రాకముందే నా కారు క్లచ్ పోయింది. ఇంజను గోల పెడుతోంది, బండి కదలదు. ఒక ట్రాక్టరతను తాడు కట్టి మా ఇంటి ముందుకు లాక్కొచ్చి వదిలాడు. ఆ రోజు డయాలిసిస్ పోయింది.

రైలుంది కదా, నౌపడ జంక్షనే కదా అంటారు. ఉంది. శ్రీకాకుళానికి స్టేషను ఆమదాలవలసే, అక్కడ దిగాక ఊళ్లోకి వెళ్లడానికి బస్సూ లేదు, ఆటోవాళ్లూ కదలడం లేదు. అంబులెన్సుకి చెబితే ప్రాణం మీదికొచ్చినప్పుడు తీసుకెళ్తారు. మేస్త్రి దానికి ఒప్పుకోలేదు. "ఆ కూత బండి ఎక్కితే ఊరంతా నాను పోనాననుకుంటాది" అన్నారు. శనివారానికి ఆయన కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడటం లేదు, కుర్చీలోనే కూర్చుంటున్నారు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే సోమవారం పొద్దున్న ఎలాగైనా తీసుకురమ్మన్నారు, ఇంకోటి తప్పితే మేం చెప్పలేం అన్నారు. అత్త ఆ మాట విని వెళ్లి మా కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూసింది.

టెక్కలిలో నాకు తెలిసిన కారు మెకానిక్ షెడ్డుకి తాళం వేసి సొంతూరు వెళ్లిపోయాడు. ఎలక్ట్రీషియన్‌తో నా గోడు చెప్పుకున్నాను.

"నీకు బోల్టు ఇప్పడం రాదేటి బావా?" అన్నాడు వాడు.

"అది పంపు కాదురా, కారు."

"అయితే ఏటి? దానికీ బోల్టులే ఉంటాయి. గమ్ము అంటించి నేదు కదా."

వాడి మోపెడ్ మీద టెక్కలి వెళ్లాం. స్పేరు పార్టుల కొట్టు సావుకారు బందుకి భయపడి షట్టరు దించుకున్నాడుగానీ, విషయం విని పెరటి తలుపు తీశాడు. నా కారుకి సరిపోయే ప్లేటు అతని దగ్గర ఒక్కటే ఉంది. పేపరు మీద బొమ్మ గీసి ఏది ముందు విప్పాలో, ఏది తరవాతో చెప్పాడు. చివర్లో నా చెయ్యి పట్టుకున్నాడు. "పంపులోలు కదా, మీకు సెప్పాల. ఈ ప్లేటు రాపిడి మీదే పని సేస్తాది. దీనికి నూనె గానీ గ్రీజు గానీ తగిలిందా, జారిపోద్ది, బండి లాగదు. సెమట సెయ్యి కూడా పెట్టకు." నేను దాన్ని ప్రసాదంలాగా రెండు చేతులతో పట్టుకుని మోపెడ్ వెనక కూర్చున్నాను.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. మేస్త్రిని కుర్చీతో సహా తెచ్చి మా వసారాలో కూర్చోబెట్టాం. ఆయన ఇంట్లో ఉండనన్నారు. జాకీ వేసి, కొబ్బరి మొద్దులు పెట్టి కారు ముందు భాగం లేపాం. మీరు చూసే వీడియోల్లో కారును ఒక్క మీట నొక్కి పైకి లేపుతారు, మాకు ఆ భోగం లేదు. గేరుబాక్సు దించేటప్పుడు అసలు ఇబ్బంది వచ్చింది. బరువు, పైగా పట్టు దొరకదు. అప్పుడు మేస్త్రే చెప్పారు, ఉప్పు మోసే కావిడి బద్ద తెమ్మని. బానెట్ తెరిచి, గేరుబాక్సుకి తాడు కట్టి, ఆ తాడు బద్దకు వేశాం. బద్ద ఒక కొన ఎలక్ట్రీషియన్ భుజం మీద, రెండో కొన అత్త భుజం మీద. నేను వద్దన్నాను. "నీ పెళ్లికి ముందునించీ ఉప్పు మోసినాను, తప్పుకో" అంది అత్త. నేను కింద దూరి చివరి బోల్టు తీశాను. మేస్త్రి కుర్చీలోంచి, పంపులు దింపేటప్పుడు అనే మాటలే అన్నారు. "నిలు... నిలు... ఒగ్గు." ఒగ్గు అనగానే వాళ్లు భుజాలు దించి వదిలారు, గేరుబాక్సు చక్కగా నేల మీదికి దిగింది.

పాత ప్లేటు అరిగి అట్టముక్కలా ఉంది. కొత్తదాన్ని పెట్టేటప్పుడు సరిగ్గా నడిమధ్య నిలపడానికి ఒక గూటం కావాలి. మేస్త్రి సరుగుడు కర్ర అడిగి తెప్పించుకుని, కత్తితో చెక్కడం మొదలుపెట్టారు. నాలుగు రోజులుగా తిండి సరిగా తినని మనిషి, ఆ కర్ర చెక్కుతుంటే మళ్లీ మా మేస్త్రిలా కనిపించారు. నాకు చాలా సంతోషం వేసింది. కొత్త ప్లేటును ఆయన పక్కనే మంచం మీద పేపరులో ఉంచి, ఎలక్ట్రీషియనూ నేనూ పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని అన్నం తిన్నాం. అత్త వడ్డించింది. సావుకారు చెప్పిన మాట మేస్త్రికి చెప్పాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

తిరిగి వచ్చేసరికి ప్లేటు మేస్త్రి ఒళ్లో ఉంది. పక్కన రేకు డబ్బా. ఆయన చేతిలో పీచు కుంచె. ప్లేటు రెండువైపులా నూనెతో నిగనిగలాడుతోంది.

"మీరు తినొచ్చేసరికి సగం పని నాను సేసేసినాను. సూడు, ఎంత సుబ్బరంగా పట్టిందో!" అన్నారు. చాలా రోజుల తరవాత ఆ మొహంలో నవ్వు చూశాను.

నా కోపం సంగతి మా మడుల్లో అందరికీ తెలుసు. తప్పు వాషరు ఇచ్చినందుకు స్టోరు గుమాస్తాతో కొట్లాటకు దిగినవాణ్ణి. నా నోట్లోకి మాట వచ్చేసింది. వెనకాల గ్లాసుతో వచ్చిన అత్త నా మొహం చూసి ఆగిపోయింది. "ఏటయినాది? పాడైపోనాదా?" అంది. ఆ గొంతు విని మేస్త్రి నవ్వు కూడా సగంలో ఆగింది. ఆయన నా వైపు చూస్తున్నారు.

అప్పుడు ఎలక్ట్రీషియన్ నన్ను భుజంతో పక్కకి నెట్టాడు.

"పాడవడమేటి అత్తా? ముందు నూనె రాయాల, తరవాత పెట్రోలుతో కడగాల. సావుకారు అలగే సెప్పినాడు. కంపెనీ మురికి నూనెకి వదులుతాది, పెట్రోలుకి పోతాది. మేస్త్రి రాయకపోతే నానే రాద్దును."

"మరి నాకు తెల్దేటి" అన్నారు మేస్త్రి. కుంచె డబ్బాలో పెట్టి, గూటం చెక్కడం మళ్లీ మొదలుపెట్టారు.

వాడు ప్లేటు తీసుకుని పెరట్లోకి నడిచాడు. వెనకే వెళ్లాను. "నూనె ఏటిరా, పెట్రోలు ఏటిరా" అని నేను మొదలుపెట్టేలోపు వాడు తిరిగి అన్నాడు, "నోరు ముయ్యి బావా. ఒండు దులపడం నీకు గుర్తునేదా?"

నేను నోరు మూసుకున్నాను. అంతకుముందు వాడి మాట అంత వెంటనే నేను విన్నది లేదు.

సావుకారుకి ఫోన్ చేశాను. "ఇప్పుడే రాసినాడు కదా, లోపలికి దిగి ఉండదు. పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో పైపైన రుద్ది, ఎండబెట్టు. గ్యారంటీ మాత్రం ఇవ్వనేను. ఇంకోటి నా కాడ నేదు" అన్నాడు. పెట్రోలు ఎక్కడిది? బంకులు మూత. కారులో ఉన్నది శ్రీకాకుళం వెళ్లి రావడానికే బొటాబొటి. ఎలక్ట్రీషియన్ తన మోపెడ్‌ను పక్కకు వంచి, ట్యాంకులో ఉన్నదంతా బేసిన్‌లోకి వంపేశాడు. వాడి ఇల్లు రైలు గేటుకి అవతల ఎక్కడో. ఆ సాయంత్రం బండి తోసుకుంటూ వెళ్లాడు.

ప్లేటును కడిగాం, తుడిచాం, మళ్లీ కడిగాం. బట్టకు జిడ్డు అంటడం మానేదాకా కడిగాం. రేకు మీద పెట్టి ఎండలో ఉంచాం. ఆ రోజు ఎండ కూడా మబ్బుల చాటునుంచి ఇంతిస్తాను అంతిస్తాను అంటూ బేరమాడింది. ఎలక్ట్రీషియన్ ప్లేటు పక్కనే గొంతుక్కూర్చుని, మబ్బును ఒక పట్టు తిట్టి, మరో పట్టు బతిమాలాడు. నేను దేవుడికి చెప్పుకున్నాను. మనిషికి తెలిసిన పని ఎంత ఉన్నా, తన చేతిలో లేని పని ఒకటి మిగులుతుందని ఆ పెరట్లో నాకు బాగా తెలిసింది.

ఆరాక బిగించాం. మేస్త్రి గూటం మొదటిసారికే పట్టింది. మళ్లీ కావిడి బద్ద, మళ్లీ అత్త భుజం, మళ్లీ కుర్చీలోంచి ఆయన గొంతు. ఈసారి "ఎత్తు... ఎత్తు... నిలు." పొద్దు వాలుతుండగా ఇంజను స్టార్టు చేశాను. క్లచ్ నెమ్మదిగా వదిలాను. బండి ఒకసారి కుదిపింది, కమురు వాసన వచ్చింది. తరవాత మెల్లగా ముందుకి కదిలింది. వీధి చివరి దాకా వెళ్లి వచ్చాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మేస్త్రి మాత్రం, "ఏడుపేటే, నూనె రాసినాం కదా" అన్నారు.

సోమవారం తెల్లవారుతూనే బయల్దేరాం. టెక్కలి దగ్గర రోడ్డుకి అడ్డంగా టైర్లు, జెండాలు, కుర్రాళ్లు. వెనక సీట్లో మేస్త్రిని చూసి వాళ్లే టైర్లు పక్కకి దొర్లించారు. ఒకడు పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి నీళ్ల సీసా ఇచ్చాడు. నాకు ఉద్యమం కన్నా ఇంజను చప్పుడు ఎక్కువ వినిపిస్తోంది. నరసన్నపేట దాటాక వంశధార వంతెన ఎక్కేటప్పుడు, ప్లేటు జారితే ఇంజను ముందే అరుస్తుందని చెవి అటే పెట్టాను. అరవలేదు. వెనకనుంచి, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా, మేస్త్రి అన్నారు. "బండి... బాగా... లాగుతన్నాది."

ఆస్పత్రిలో ఆయన్ని మంచం మీదికి చేర్చి, మిషను తిరగడం మొదలయ్యాక, నేను బయటికొచ్చి కారు డిక్కీకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఎవరికి దండం పెట్టాలో తెలీక కారుకే పెట్టాను. సావుకారుకీ, మోపెడ్‌కీ, ఆ పెద్ద నోటివాడికీ, అత్త భుజానికీ అందులోనే కలిపేసుకున్నాను.

ఆ ప్లేటు చాలా కాలం పనిచేసింది. మేస్త్రి కూడా ఆ తరవాత ఇంకొన్ని వేసవులు చూశారు. ఆస్పత్రి దగ్గర చెట్టుకింద డ్రైవర్లు కూర్చునేవాళ్లు. వంతు వచ్చేదాకా ఆయన వాళ్ల మధ్య కూర్చుని, మా ఆదివారం కథ చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ చివర్న వేలు ఎత్తి, "కొత్త ప్లేటుకి ముందు నూనె. తరవాత పెట్రోలు. అప్పుడు సూడండి మన్నిక" అనేవారు. కొందరు నవ్వేవారు, కొందరు తలూపేవారు. నేను పక్కనే ఉండి నేల చూపులు చూసేవాణ్ణి. ఒకసారి ఆయనకి నిజం చెప్పేద్దామనుకుని ఎలక్ట్రీషియన్‌ను అడిగాను. "మన మోటారు వెనక్కి తిరిగిందని ఆయన ఎవుడికైనా సెప్పినాడా?" అన్నాడు. ఇక అడగలేదు.

ఆయన పోయాక, నేను రిటైరయ్యాక, ఒక పని మీద టెక్కలి వెళ్లి, రోడ్డు పక్క ఒక షెడ్డు దగ్గర ఆగాను. మెకానిక్ ఎవరిదో కారు క్లచ్ మారుస్తున్నాడు. కొత్త ప్లేటు చేతిలో పట్టుకుని, చిన్న కుంచెతో శ్రద్ధగా నూనె రాస్తున్నాడు. పక్కన బేసిన్‌లో పెట్రోలు.

"ఏటి బాబూ అది?" అని అడిగాను.

"మీకు తెల్దు తాతా. ముందు నూనె, తరవాత పెట్రోలు. ఇది నౌపడోల పద్దతి. మా గురువు డ్రైవరుగా ఉన్నప్పుడు ఆస్పత్రి కాడ ఓ పెద్ద మేస్త్రి సెప్పినాడంట. ఉప్పు గాలికి ఇదే మందు."

చుట్టూ బండి ఓనరు, టీ తాగుతున్నవాళ్లు, గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. నేను అతను చూపించిన స్టూలు మీద కూర్చున్నాను. "జిడ్డు బట్టకి అంటకుండా కడుగు, ఎండలో బాగా ఆరనీ" అన్నాను. అతను కడగడం, తుడవడం, ఆరబెట్టడం అంతా చూశాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెట్రోలు ఘాటనుకున్నాడు, స్టూలు కాస్త దూరంగా జరుపుకోమన్నాడు.

కుర్రాళ్లూ, క్లచ్ ప్లేటుకి నూనె రాయకూడదు. అది మీకు తెలియాలనే ఇంత రాశాను. ఎప్పుడైనా టెక్కలి దారిలో అలా రాస్తున్న మెకానిక్ కనిపించి, తప్పని చెప్పాలనిపిస్తే తప్పకుండా చెప్పండి. కాస్త ఆగి, నలుగురూ వెళ్లిపోయాక, షెడ్డు వెనక్కి పిలిచి చెప్పండి.